భువనేశ్వరం పాత ఊరు కాలినడకన: ఒక్క పూటలో ఏడు వందల ఏళ్లు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి భువనేశ్వరం వెళ్లేవాళ్లలో చాలామందికి అది పనుల ఊరు. సెక్రటేరియట్‌లో ఫైలు, పిల్లల పరీక్ష, ఆసుపత్రి, పాస్‌పోర్టు. పని కాగానే స్టేషన్‌కి పరుగు. మధ్యలో వీలు చిక్కితే లింగరాజు దర్శనం. అదీ ఆటో దిగి, దండం పెట్టుకుని, మళ్లీ అదే ఆటో ఎక్కడమే. ఆ ఆటో అయిదు నిమిషాల్లో దాటేసిన రెండు కిలోమీటర్ల దారి పక్కనే ఆరో శతాబ్దం చివరి నుంచి పదమూడో శతాబ్దం దాకా కట్టిన కోవెలలు ఉన్నాయి. వాటిని కాలినడకన, ఒక వరసలో, ఒక్క పూటలో ఎలా చూడాలో ఇక్కడ చెబుతున్నాం. మొత్తం నడక నాలుగైదు కిలోమీటర్లకు మించదు. కానీ ఆగి చూడటానికే ఆరు గంటలు పడుతుంది, అంత సమయం పెట్టుకునే బయలుదేరండి.

ముందు ఊరి పోకడ తెలియాలి. 1948 ఏప్రిల్ 13న నెహ్రూ శంకుస్థాపన చేసిన కొత్త రాజధాని వేరు, దానికి దక్షిణంగా బిందుసాగరం చెరువు చుట్టూ ఉన్న ఏకామ్ర క్షేత్రం వేరు. వెడల్పు రోడ్లు, యూనిట్లు, మార్కెట్లు కొత్త ఊరివి. మనం నడిచేది పాత ఊళ్లో. ఇక్కడి సందుల్లో కారు అడ్డమే తప్ప అక్కరకు రాదు.

ఎప్పుడు, ఎలా చేరుకోవాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మేలైన కాలం. మార్చి మధ్య నుంచి తొమ్మిదిన్నర దాటితే రాతి పలకలు కాలతాయి. చెప్పులు విడిచి తిరగాల్సిన చోట్లు కనుక అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. వానాకాలంలో ఇబ్బంది ఇంకో రకం. ఎర్రటి రాతి మెట్ల మీద పాచి పట్టి జర్రున జారుతుంది. సోమవారాలు, కార్తీకం, శ్రావణం, శివరాత్రి రోజుల్లో లింగరాజు దగ్గర రద్దీ ఎక్కువ. భక్తితో వెళ్లేవాళ్లకు అవి మంచి రోజులే. శిల్పం చూడాలనుకుంటే మాత్రం మంగళవారమో బుధవారమో పెట్టుకోండి.

బరంపురం నుంచి రైలు దూరం సుమారు 166 కిలోమీటర్లు. మంచి ఎక్స్‌ప్రెస్ అయితే రెండున్నర గంటల్లో దించుతుంది. రాయగడ, కోరాపుట్ వైపు వాళ్లకు హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఉంది. రాత్రంతా నడిచి ఉదయానికి చేరుస్తుంది. అయితే ఈ నడకకు తెల్లవారుజాము అసలైన వేళ. అందుకని పని మీద వచ్చినవాళ్లు ముందురోజు పని ముగించుకుని, రాత్రి ఉండి, మర్నాడు ఆరున్నరకల్లా మొదలుపెట్టడం అన్నిటికంటే మంచిది. ఉదయం బండి దిగి నేరుగా వచ్చేవాళ్లు సామాను స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టండి. తాళం లేని సంచిని తీసుకోరు కాబట్టి చిన్న తాళం ఇంటి దగ్గరే జేబులో వేసుకోండి. కాలకృత్యాలు కూడా స్టేషన్‌లోనో బసలోనో ముగించుకుని బయలుదేరండి. దారిలో వెతుక్కోవడం కష్టం, ఆడవాళ్లకు మరీనూ.

స్టేషన్ దగ్గర ఆటో మాట్లాడేటప్పుడు ‘లింగరాజ్’ అనకండి. అలా అంటే నేరుగా కోవెల దగ్గర దించేస్తాడు, నడక తలకిందులవుతుంది. ‘మౌసీమా ఛక్’ అనండి. అక్కడి రామేశ్వర దేవాలయాన్ని జనం మౌసీమా గుడి అంటారు. అశోకాష్టమినాడు లింగరాజు రథం ఇక్కడిదాకా వస్తుంది. ఆ రథం పేరు రుకుణ రథం. తిరుగు ప్రయాణంలో రథాన్ని వెనక్కి తిప్పరు, అటువైపు నుంచే లాగుతారు. మీరు ఈ పూట నడవబోయేది కూడా అదే రథం దారిలో.

చేతిలో ఏముండాలి

మనిషికి లీటరు నీళ్లు, టోపీ లేదా తువ్వాలు, చిన్న టార్చి, పది రూపాయల నోట్లు కొన్ని. టార్చి మరవకండి. ఫోన్ లైటు చాలదా అనిపిస్తుంది గానీ అది దగ్గర్లో పరుచుకుంటుంది తప్ప పైకప్పు దాకా అందదు. ఇంట్లో దుర్భిణీ ఉంటే తెచ్చుకోండి. లింగరాజు విమానం, అంటే గర్భగుడి మీది శిఖరం, సుమారు 180 అడుగులు. పైభాగంలో ఏముందో మామూలు కంటికి అందదు.

చెప్పులు వేసి విప్పడానికి తేలికగా ఉండాలి. ఈ పూటలో కనీసం ఎనిమిదిసార్లు విప్పుతారు, లేసుల బూట్లతో విసుగొస్తుంది. తోలు బెల్టు, తోలు సంచి వద్దు, లింగరాజు దగ్గర వాటిని బయట పెట్టాలి. దారిని ఒక కాగితం మీద గీసుకుని జేబులో పెట్టుకోండి. ఎందుకో లింగరాజు దగ్గరికి వచ్చాక తెలుస్తుంది.

నాలుగు మాటలు, అంతకుమించి అక్కర్లేదు

గర్భగుడి మీద నిటారుగా లేచే గోపురంతో సహా ఉన్న కట్టడాన్ని ఒడియాలో దేఉళ అంటారు. దాని ముందు మండపం జగమోహనం. దేఉళ మొక్కజొన్న పొత్తులా నిలువు గీతలతో లేస్తే అది రేఖా దేఉళ. మెట్లు మెట్లుగా, పిరమిడ్‌లా ఉంటే పిఢా దేఉళ. బోర్లించిన పడవలాగా, పొడుగాటి గుమ్మడికాయలాగా ఉంటే ఖాఖరా దేఉళ. రేఖా దేఉళ తల మీద పక్కటెముకలున్న గుండ్రటి రాయి ఉంటుంది చూడండి, అది అమలకం. ఉసిరికాయను పైనుంచి చూసినట్టే ఉంటుంది, పేరు కూడా దానిదే.

ముఖలింగం చూసినవాళ్లకు ఈ రూపాలు కొత్తేమీ కావు. పర్లాకిమిడికి దగ్గర్లోనే, వంశధార ఒడ్డున, మధుకేశ్వరుడి కోవెలకు కొంచెం ఎడంగా సోమేశ్వరాలయం ఉంది కదా. జగమోహనం లేకుండా ఒంటరిగా నిలబడ్డ రేఖా దేఉళ అది. కళింగనగరం అంటే ఆ ముఖలింగమే, గాంగుల పాత రాజధాని. అక్కడ మొదలైన రాజవంశమే తరవాత ఇక్కడ అనంత వాసుదేవ ఆలయాన్ని కట్టించింది. మన వైపు వాళ్లు ఈ గుళ్ల ముందు చుట్టాల్లా నిలబడవచ్చు, పరాయితనం అక్కర్లేదు.

ఇక నడక: మౌసీమా దగ్గర

రామేశ్వరానికి ఎదురుగా రోడ్డుకు అవతల మూడు చిన్న గుళ్లు వరసగా ఉంటాయి: లక్ష్మణేశ్వర, భరతేశ్వర, శత్రుఘ్నేశ్వర. చాలామంది చూడకుండానే దాటిపోతారు. భువనేశ్వరంలో మిగిలిన గుళ్లలో అన్నిటికంటే పాతవి ఇవే, ఆరో శతాబ్దం చివరివి. జగమోహనం లేదు. ఇల్లంత ఎత్తు కూడా లేని కట్టడాలు.

ఇక్కడ పది నిమిషాలు పెట్టి ఒక్క సంగతి నేర్చుకోండి, పూటంతా పనికొస్తుంది. చెక్కడం నిండిన గోడ మధ్యలో ఉన్నట్టుండి నున్నటి రాయి కనిపిస్తే అది పాతది కాదు. పడిపోయిన గుడిని మళ్లీ పేర్చేటప్పుడు, పోయిన రాయి స్థానంలో చెక్కడం లేని కొత్త రాయి పెడతారు, పాతదీ కొత్తదీ కలిసిపోకుండా. శత్రుఘ్నేశ్వరం అలా తిరిగి పేర్చి నిలబెట్టిన గుడి. ఏది నిజంగా పద్నాలుగు వందల ఏళ్ల కిందటి చెయ్యో, ఏది నిన్నటి మరమ్మతో కంటికి తెలియడం ఇక్కడ మొదలవుతుంది.

పరశురామేశ్వరం: ఇక్కడ తొందర వద్దు

రథం దారి వెంట దక్షిణంగా పది పన్నెండు నిమిషాలు నడిచాక, ముక్తేశ్వరం వైపు తిరిగే దగ్గర పరశురామేశ్వరం వస్తుంది. ఏడో శతాబ్దం నాటిది, శైలోద్భవ రాజుల కాలం. ఎత్తు నలభై అడుగులు. ఈ మొత్తం నడకలో ఒకే ఒక్క గుడి చూసే వీలుంటే దీన్నే చూడమంటాం. లింగరాజు అంత పెద్దదీ ముక్తేశ్వరం అంత అందమైనదీ కాదు. కానీ శిల్పి ఇంకా వెతుక్కుంటున్న దశ ఇందులో కనిపిస్తుంది.

వరస ఇది. ముందు దూరంగా నిలబడి జగమోహనం కప్పు చూడండి. పిరమిడ్ లేదు. రెండు అంచెలుగా వాలిన రాతి పలకల కప్పు, ఆ రెండంచెల మధ్య వెలుతురు కోసం సందు. పెంకుటింటి కప్పును రాతిలో చేసినట్టు ఉంటుంది. తరవాత పడమటి గుమ్మం దగ్గరికి రండి. గుమ్మానికి రెండు పక్కలా రాతి జాలీ కిటికీలున్నాయి. ఆ జాలీయే నాట్యం చేసేవాళ్లు, వాయిద్యాలు వాయించేవాళ్లు. గీతలతో అల్లవలసిన జాలీని మనుషులతో అల్లారు. లోపలికి వెళ్లి అక్కణ్ణుంచి బయటకు చూడండి. వెలుతురు ఆ ఒంపుల సందుల్లోంచి పడుతుంది, బొమ్మలు నల్లటి నీడలుగా నిలుస్తాయి.

బయట ఉత్తరపు గోడకు సప్తమాతృకలు ఉన్నారు, వినాయకుడూ వీరభద్రుడూ తోడుగా. ఉత్తరపు గోడకు చలికాలం ఎండ తగలదు కనుక ఫోటో చప్పగా వస్తుంది. టార్చిని ఎదురుగా కాకుండా పక్కనుంచి, గోడకు దాదాపు ఆనించి వెయ్యండి. నీడ పడి బొమ్మ లేచి నిలుస్తుంది. ఎదురుగా వేస్తే అంతా చదును. ఈ పూటలో టార్చి వాడే ప్రతిచోటా ఇదే పద్ధతి.

ఇప్పుడు లోపల గర్భగుడి గుమ్మం పైపట్టీ చూడండి. గ్రహాల బొమ్మలు వరసగా ఉంటాయి. వేలు పెట్టి లెక్కపెట్టండి. ఎనిమిదే వస్తాయి, తప్పు మీది కాదు. ఆ కాలంలో కేతువును చెక్కలేదు. ఈ లెక్కను గుర్తుపెట్టుకుని ముక్తేశ్వరానికి పదండి.

బయలుదేరే ముందు ఒక బొమ్మ మొహాన్ని దగ్గరగా చూడండి. బొమ్మ మధ్యలోంచి, ఒక్కోసారి చెంప మీదుగా, సన్నటి అతుకు గీత పోతుంది. రెండు రాళ్లు కలిసిన చోటది. ముందే చెక్కి తెచ్చి పేర్చి ఉంటే బొమ్మ ఒక రాతికే పరిమితమయ్యేది. రాళ్లను సున్నం లేకుండా పేర్చి, గోడ లేచాక దాని మీద చెక్కారు. అంటే ఉలి ఒక్కసారి జారితే మార్చుకోవడానికి వేరే రాయి లేదు.

ముక్తేశ్వరం, కేదారగౌరి

ముక్తేశ్వరం నాలుగడుగుల దూరమే. పదో శతాబ్దం. సుమారు 35 అడుగుల ఎత్తు, చిన్న గుడి. ముందు రాతి తోరణం, బలమైన రెండు కంబాల మీద ఒంపు తిరిగిన ఆర్చి. గుడి పడమటి ముఖం కనుక ఉదయం పూట అందరూ బయటి నుంచి, సూర్యుడికి ఎదురుగా ఫోటో తీసి నల్లటి తోరణాన్ని ఇంటికి తీసుకెళ్తారు. తోరణం దాటి గుడి వైపుకు వచ్చి, సూర్యుణ్ణి వీపున పెట్టుకుని తీయండి.

ఇక్కడ జగమోహనం కప్పు పిరమిడ్ అయిపోయింది. పరశురామేశ్వరపు పెంకుటింటి కప్పు ఇంకా కళ్లల్లో ఉండగానే దీన్ని చూడటానికే ఈ వరస పెట్టాం. గ్రహాలు లెక్కపెట్టండి, తొమ్మిది. కేతువు వచ్చి చేరాడు. జాలీ కిటికీలు కూడా మారాయి, వజ్రాకారపు గళ్లు. వాటి చట్రం చుట్టూ కోతులు ఆడుకుంటుంటాయి. మొసలి, కోతి కథ పిల్లలకు తెలిసి ఉంటే దాన్ని వాళ్లనే వెతకమనండి. ఆ తరవాత జగమోహనం లోపలికి వెళ్లి తల పైకెత్తండి. రేకులు విచ్చిన తామర పువ్వు, ఆ రేకుల్లో మాతృకలు. ఒడిశా గుళ్లలో లోపలి కప్పును చెక్కడం అరుదు. నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది, జనం లేకపోతే నేల మీద కూర్చుని చూడండి.

ఆవరణలో మరీచి కుండం ఉంది. అశోకాష్టమి ముందురాత్రి ఆ నీళ్ల కోసం పిల్లలు లేని దంపతులు వస్తారు. అదే ఆవరణలో సిద్ధేశ్వరం, పక్కనే కేదారగౌరి. కేదారేశ్వరం దగ్గర ఎనిమిదడుగుల హనుమంతుడు నిలబడి ఉంటాడు. గౌరి గుడి ఖాఖరా రూపం. దాన్ని ఒక్క నిమిషం చూసి మనసులో పెట్టుకోండి చాలు, అదే రూపం వైతాళం దగ్గర పూర్తిగా కనిపిస్తుంది.

ఇప్పటికి ఎనిమిదిన్నర అయి ఉంటుంది. ఇక్కడే టిఫిన్ చేసేయండి. రోడ్డు పక్క బండ్ల మీద బరా, ఘుగుని వేడిగా దొరుకుతాయి. ఆకలితో లింగరాజు వరసలో నిలబడితే కళ్లు తిరుగుతాయి. అలాగని కడుపునిండా తినొద్దు, మధ్యాహ్నం అభడా, అంటే గుడి ప్రసాద భోజనం ఉంది.

ఒక జాగ్రత్త. ఏ గుళ్లోనైనా ఎవరైనా ఖాతా పుస్తకం తెచ్చి మీ ముందు తెరవవచ్చు. అందులో మీకంటే ముందు వచ్చినవాళ్లు వేలల్లో ఇచ్చినట్టు రాసి ఉంటుంది. పుస్తకం చేతిలోకి తీసుకోకండి. ఇవ్వదలచుకున్నది హుండీలో వేసి, నమస్కారం పెట్టి ముందుకు కదలండి. మన జిల్లాల వాళ్లకు ఒడియా వచ్చు కాబట్టి ఒడియాలోనే మర్యాదగా రెండు మాటలు చెబితే అక్కడితో సరిపోతుంది. వాదనకు దిగితే అరగంట పోతుంది.

బిందుసాగరం, అనంత వాసుదేవుడు, లింగరాజు

కేదారగౌరి నుంచి పడమరగా పావుగంటలోపు నడిస్తే బిందుసాగరం తూర్పు గట్టు. సుమారు 1300 అడుగుల పొడవు, 700 అడుగుల వెడల్పు, మధ్యలో దీవి మీద మండపం. అక్షయ తృతీయ నుంచి చందన యాత్రలో ఉత్సవమూర్తి పడవెక్కి తిరిగేది ఈ నీళ్లలోనే. అన్ని తీర్థాల నుంచి ఒక్కో బిందువు చేరిందని పేరు. ఇప్పటి నీళ్లు స్నానానికి తగినవి కావు. తల మీద చల్లుకుంటే చాలు. ఆ కాస్త పనికి కూడా కింది మెట్టు దాకా దిగకండి, నీళ్లు తాకే మెట్టు మీద పాచి ఉంటుంది.

ఇక్కణ్ణుంచి మీరు చేసేది చెరువు చుట్టూ ప్రదక్షిణం. తూర్పు గట్టు నుంచి దక్షిణం, పడమర, ఉత్తరం, మళ్లీ తూర్పు. ఆచారం కూడా దీనికి సరిపోతుంది. బిందుసాగరం, తరవాత అనంత వాసుదేవుడు, ఆ తరవాతే లింగరాజు.

అనంత వాసుదేవ ఆలయం తూర్పు గట్టునే ఉంది. 1278లో గాంగరాజు మూడో అనంగభీమదేవుడి కూతురు చంద్రికాదేవి కట్టించింది. లోపల బలభద్ర, సుభద్ర, కృష్ణులు. పూరీలోలా కొయ్య విగ్రహాలు కావు, కాళ్లూ చేతులూ పూర్తిగా చెక్కిన రాతి విగ్రహాలు. దర్శనం చేసుకుని, మధ్యాహ్నం అభడా ఎప్పటికి సిద్ధమవుతుందో ఆవరణలోనే అడిగి కనుక్కుని కదలండి.

లింగరాజు కోవెల దక్షిణంగా అయిదు నిమిషాలు. మధ్యాహ్నం భోగం వేళ దర్శనం ఆగిపోతుంది, అందుకే తొమ్మిదిన్నర, పది మధ్య లోపలికి చేరండి. ఫోను, కెమెరా, తోలు వస్తువులు లోపలికి రానివ్వరు. కుటుంబంగా వచ్చినవాళ్లు రెండు జట్లుగా వెళ్లడం అన్నిటికంటే నిశ్చింత. ఒక జట్టు బయట సామాను చూసుకుంటే రెండో జట్టు వెళ్లి వస్తుంది. లోపల తప్పిపోతే ఫోను ఉండదు కాబట్టి, ఎక్కడ కలవాలో ముందే చెప్పుకోండి. తూర్పున సింహద్వారం మంచి గుర్తు. బయటికి వచ్చాక మిగిలిన దారి కాగితం మీద ఉంది, ఫోను బయటి జట్టు దగ్గరే ఉన్నా మీ నడక ఆగదు. 2019 తరవాత గుడి చుట్టుపక్కల చాలా కట్టడాలు తీసేశారు. పదేళ్ల కిందట వచ్చినవాళ్లు చెప్పిన ‘ఫలానా కొట్టు పక్క సందు’ గుర్తులు ఇప్పుడు పనికిరావు.

లోపల ఏం చూడాలి? నాలుగు కట్టడాలు ఒకే వరసలో ఉన్నాయి: దేఉళ, జగమోహనం, నాటమందిరం, భోగమండపం. పొద్దున్న చూసిన చిన్న గుళ్లలో మొదటి రెండుకు మించి లేవని గుర్తు తెచ్చుకోండి. పూజలూ నైవేద్యాలూ పెరిగిన కొద్దీ గుడి ముందుకు సాగింది. విమానం పదకొండో శతాబ్దానిది, సోమవంశీయుల నాటిది. దాని ఒంటి మీద నిలువునా చిన్న చిన్న దేఉళ బొమ్మలు పైకి పాకుతుంటాయి. అందుకే ఆ కొండంత రాయి బరువుగా అనిపించదు. మూలవిరాట్టు హరిహరుడు, కనుక మారేడు దళంతో పాటు తులసి కూడా సమర్పిస్తారు. పూలబుట్ట కొనేటప్పుడు రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. ఆవరణలో ఉన్న పార్వతి గుడి గోడల పనితనం మూలదేవళం రద్దీలో ఎవరూ పట్టించుకోరు. అక్కడ పది నిమిషాలు నిలబడండి.

హిందువులు కానివారికి లోపలికి ప్రవేశం లేదు. మీతో అలాంటి స్నేహితులు ఉంటే ఉత్తరపు ప్రాకారం బయట బ్రిటిష్ వైస్రాయి కర్జన్ కాలంలో కట్టిన ఎత్తైన వేదిక ఉంది, అక్కణ్ణుంచి ఆవరణంతా కనిపిస్తుంది. ముందే చెప్పి తీసుకెళ్లండి, ద్వారం దాకా వెళ్లి వెనక్కి రావడం వాళ్లకు బాధగా ఉంటుంది.

బయటికి రాగానే కోరాఖయి కొనండి. పేలాలను బెల్లం పాకంలో కొబ్బరి ముక్కలతో కలిపి చేస్తారు, ఈ క్షేత్రపు ప్రసాదం. ఊరికి తీసుకెళ్లడానికి ఇంతకంటే మంచిది లేదు, నాలుగు రోజులు నిలవ ఉంటుంది. చెమ్మ తగిలితే మాత్రం మెత్తబడుతుంది, డబ్బాలో పెట్టుకోండి.

పడమటి గట్టు: వైతాళం

దక్షిణపు గట్టున మోహినీ గుడి దాటి, పడమటి వైపు తిరిగితే వైతాళ దేఉళ. మూడు కలశాలు ఉండటం వల్ల దీన్ని తినిముండియా అంటారు. ఆ పేరుతో అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు. ఎనిమిదో శతాబ్దం. పొద్దున్న గౌరి గుడి దగ్గర మనసులో పెట్టుకోమన్న ఖాఖరా రూపం ఇదే. పొడుగ్గా, రెండువైపులా ఒంపు తిరిగిన కప్పు. మన దక్షిణాది గాలిగోపురపు తలను తీసి గర్భగుడి మీద పెట్టినట్టు ఉంటుంది.

తూర్పు ముఖం మీద రెండు గుండ్రటి గవాక్షాలు ఒకదాని మీద ఒకటి. కింది దానిలో ఏడు గుర్రాల రథం మీద సూర్యుడు, ముందు అరుణుడు, పక్కన ఉష, ప్రత్యూష. పై దానిలో నటరాజు. తూర్పు ముఖం కనుక పదకొండు లోపు చేరితే ఎండ ఇంకా వాటి మీద ఉంటుంది, మధ్యాహ్నం అయితే నీడే.

లోపల చీకటి. ఇక్కడి దేవి చాముండ, శవం మీద కూర్చున్న రూపం. ఎండలోంచి సరాసరి లోపలికి వెళ్తే ఏమీ కనిపించక రెండు నిమిషాల్లో తిరిగొచ్చేస్తారు. గుమ్మం లోపల పక్కకు నిలబడి మూడు నాలుగు నిమిషాలు కళ్లు అలవాటు పడనివ్వండి. గోడల మీది బొమ్మలు ఒక్కొక్కటే బయటపడతాయి. దేవి మీదికి టార్చి వెయ్యకండి. అర్చకుడు ఉంటే అడిగి, ఆయన దీపం ఎత్తితే ఆ వెలుగులో చూడండి. చిన్నపిల్లలు జడుసుకోవచ్చు, వాళ్లను పక్కనే ఉన్న శిశిరేశ్వరం అరుగు మీద కూర్చోబెట్టండి.

అక్కణ్ణుంచి గట్టు వెంట ఏకామ్ర వనం. ఔషధ మొక్కల తోట, నీడ, నీటి మీది గాలి. కాళ్లకు విశ్రాంతి ఇక్కడే. బిందుసాగరం మీదుగా అనంత వాసుదేవ, లింగరాజు శిఖరాలు కలిసి కనిపించే చోటు ఇటు పక్కనే. తరవాత ఉత్తరపు గట్టున ఉత్తరేశ్వరం దాటి తూర్పుకు తిరిగితే ప్రదక్షిణం పూర్తవుతుంది.

అభడా

అనంత వాసుదేవ ఆలయం వంటశాల పెద్దది. కట్టెల పొయ్యి మీద, మట్టి కుండల్లో వండుతారు. దేవుడికి నివేదించాకే అమ్ముతారు కనుక పన్నెండుకు ముందు వెళ్లి తొందరపెట్టి లాభం లేదు, మూడు దాటాక వెళితే మంచివి అయిపోతాయి. పన్నెండున్నర, ఒంటిగంట మధ్య సరైన వేళ.

ఒక మనిషికి సరిపడా అన్నం, డాల్మా (కూరగాయలు వేసిన పప్పు), బేసర, సాగ (ఆకుకూర), ఖటా విడివిడిగా అడిగి తీసుకోవచ్చు. బేసర అంటే మన ఆవ పెట్టిన కూర లాంటిదే. ఖటా తీపీ పులుపూ కలిసిన పచ్చడి. కణికా అనే నెయ్యి వేసిన తీపి అన్నం ఉంటే కొంచెమే తీసుకోండి, బరువు. ఉల్లి, వెల్లుల్లి ఉండవు. ధర ముందే మాట్లాడుకోండి, కుండ మొత్తానికా, మనిషి లెక్కనా అన్నది స్పష్టంగా తేల్చుకోండి. ఈ ఒక్క మాట తేల్చకపోవడం వల్లే ఇక్కడ గొడవలు వస్తాయి. ఆకు ముందు నేల మీద కూర్చుని తినాలి. ఇది ప్రసాదం, విస్తట్లో వదిలెయ్యరు. కాబట్టి తక్కువ పెట్టించుకుని మళ్లీ అడగండి.

ఆలస్యంగా దిగినవాళ్లకు

బండి పదిన్నరకో పదకొండుకో దించితే పై వరసను మొండిగా పట్టుకోవద్దు. ఎండలో రెండో గుడికే ఓపిక పోతుంది. కల్పనా ఛక్ దగ్గర రాష్ట్ర మ్యూజియం ఉంది, మధ్యాహ్నం అక్కడ నీడపట్టున గడపండి. తాళపత్రాల విభాగం తప్పకుండా చూడాలి. సోమవారం సెలవు. మూడున్నరకు రాజారాణి గుడికి వెళ్లండి. దీనికి పురావస్తు శాఖ టికెట్ ఉంది, సూర్యాస్తమయానికి మూసేస్తారు. గర్భగుడిలో దేవుడు లేడు, కాబట్టి పూజల రద్దీ ఉండదు, ఎంతసేపైనా గోడల దగ్గర నిలబడవచ్చు. ఎనిమిది మూలల్లో అష్టదిక్పాలకులు ఉన్నారు. తూర్పున ఇంద్రుడితో మొదలుపెట్టి ప్రదక్షిణంగా తిరుగుతూ ఒక్కొక్కరినీ వాహనాన్ని బట్టి గుర్తుపట్టండి. పడమటికి చేరేసరికి వాలు ఎండ వరుణుడి మీద పడుతుంది. ఎరుపూ పసుపూ కలిసిన ఆ రాయి రంగు నిజంగా తెలిసేది అప్పుడే.

అక్కణ్ణుంచి ముక్తేశ్వరం పావుగంట నడక. సాయంత్రం దాని పడమటి ముఖానికి వెలుగు నిండుగా ఉంటుంది, తోరణాన్ని ఈసారి బయటి నుంచే తీసుకోవచ్చు. పక్కనే పరశురామేశ్వరం. చీకటి పడకముందు బిందుసాగరం గట్టు చేరితే రోజు నిండినట్టే. మిగిలిన వైతాళం, లింగరాజు, అభడా మరో ఉదయానికి ఉంచుకోండి.

రాత్రి బండి పట్టుకునేవాళ్లు గట్టు దగ్గర నుంచి స్టేషన్‌కి గంట ముందు కదలండి. సాయంత్రం పాత ఊరి సందులు ఆటోలతో కిక్కిరిసి ఉంటాయి. రథం దారి దాకా నడిచి అక్కడ ఆటో ఎక్కితే త్వరగా బయటపడతారు. మౌసీమా దగ్గరి మూడు చిన్న గుళ్లు అప్పటికి చీకట్లో ఉంటాయి. పొద్దున్న వాటిని దాటి వచ్చారా, చూసి వచ్చారా అన్నది ఆటో కిటికీలోంచి చూసేటప్పుడు మీకే తెలుస్తుంది.